చిన్నబ్బ నేర్పిన ఆశీర్వాదం

రాజారత్నాన్ని పాండిచ్చేరికి పంపుతున్నారని తెలిసిన రోజున చిత్తూరులో అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు జట్కా చిన్నబ్బ.

రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఇంకా ఏడాది నిండలేదు. పాండిచ్చేరి మిల్లుల్లో పనికోసం నగరి, పుత్తూరు వైపు నుంచి వలసపోయిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ళలో క్రైస్తవులైన కొందరు, అరవం ప్రసంగాలు సగమే అర్థమవుతున్నాయనీ, తమ భాషలో వాక్యం చెప్పే మనిషిని పంపమనీ చిత్తూరు మిషనును అడిగారు. మిషను పెద్దలు ఉపదేశి చదువు అప్పుడే పూర్తిచేసిన రాజారత్నం పేరు చెప్పారు. అతనికి ఇరవైమూడేళ్ళు. తండ్రి లేడు. తల్లి సంతోషమ్మ మిషను ఆసుపత్రిలో ఆయా.

అప్పటిదాకా చిత్తూరు సంఘంలో మిషనరీ అంటే ఓడ దిగి వచ్చిన తెల్లవాళ్ళే. ఇప్పుడు తమ పేటలో పుట్టిన పిల్లవాడు ఫ్రెంచి దొరల రాజ్యానికి పోతున్నాడు. ఆడవాళ్ళు సంతోషమ్మను ఆపి మరీ "మీ మిషనరీ ఎప్పుడు బయల్దేరతాడు?" అని అడిగేవాళ్ళు. రాజారత్నం పైకి తల వంచుకుని నడిచేవాడు గాని, ఆ మాట చెవిన పడినప్పుడల్లా అతని అడుగు కొంచెం సాగేది.

చిన్నబ్బది వేరే కథ. మొదటి యుద్ధంలో సర్కారు గుర్రాలతోపాటు ఓడ ఎక్కించి అతన్ని ఫ్రాన్సుకు తీసుకుపోయారు. మార్సెల్స్ రేవులో గుర్రాలకు గడ్డి మోపులు మోశాడు. తిరిగొచ్చి చిత్తూరు రైలు స్టేషను ముందర జట్కా తోలుకుంటున్నాడు. ఫ్రెంచివాడన్నట్టు ఊళ్ళో వాళ్ళు అతన్ని 'పరాసు చిన్నబ్బ' అనేవారు. కల్లు తాగిన పూట ఎవరైనా "ఒక పరాసు మాట ఇడువు చిన్నబ్బా!" అని కవ్విస్తే, ముక్కుతో నాలుగు మాటలు పలికేవాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. అతను కూడా నవ్వేవాడు. ఆ దేశం అతను నిజంగా చూశాడని నమ్మినవాళ్ళు తక్కువ.

"రత్నమప్పా, నువ్వు పొయ్యేది పరాసోళ్ళ సీమకంటనే! వాళ్ళ మాట నేను నేర్పిస్తా. ఈ ఊర్లో నాకు తప్ప ఎవురికి వస్తాది?" అని అతనే వచ్చి అడిగాడు.

రాజారత్నానికీ ఆశ కలిగింది. అతనికి ఇంగ్లీషు బాగా వచ్చు. దానికి తోడు ఫ్రెంచి మాటలు నాలుగు వస్తే అక్కడ దిగీదిగగానే పెద్దమనిషిగా నిలబడవచ్చు. సాయంకాలం కాట్పాడి బండి వెళ్ళిపోయాక జట్కా ముందు పలక మీద చిన్నబ్బ పక్కన కూర్చుని నేర్చుకునేవాడు.

"బోంజూర్ అంటే దండమప్పా. ఓ అంటే నీళ్ళు. పేఁ అంటే రొట్టె. ఈ మూడుంటే నువ్వు ఆడ ఆకలితో సావవు."

"ప్రార్థన అయినాక జనాన్ని దీవించి పంపించే మాట ఏమన్నా ఉందా మామా?"

చిన్నబ్బ కళ్ళెం వదిలేసి ఆలోచించాడు. అతని ముఖం మెల్లగా వెలిగింది.

"ఉండాది. మంచి మాట ఉండాది. పొద్దు గూకి మా పని అయిపోతానే మేస్త్రీ దొర ఇట్ల చెయ్యెత్తేవాడు. 'ఫూ ల్ కాఁ!' అనేవాడు. అప్పుడు మేమందరం గుడిసెలకు పోతాము. అంటే మనలో పోయి రాండ్రప్పా, మీకు మేలు జరగాల అన్నట్టు. దినమ్మూ చెప్తాండె. ఒక్క దినం గూడా మరిసింది లేదు ఆయప్ప."

చెయ్యి ఎంత ఎత్తాలో, గొంతు ఎక్కడ పెంచాలో కూడా చూపించాడు. రాజారత్నం అద్దం ముందు నిలబడి సాధన చేశాడు.

ఆ పాఠాలు మొదలైనప్పటి నుంచి చిన్నబ్బ కల్లు మానేశాడు. గంగమ్మకు మొక్కే ఇల్లు అయినా, ఆదివారం చొక్కా ఉతికి తొడుక్కుని మిషను గుడి వసారాలో వచ్చి కూర్చునేవాడు. "మన మిషనరీకి పరాసు నేర్పే అయ్యవారు" అని పెద్దలు లోపలికి పిలిచి బెంచీ మీద చోటిచ్చారు. జట్కా స్టాండులో కూడా అతన్ని కవ్వించడం తగ్గింది. రాజారత్నం బండెక్కే రోజున సంఘమంతా దండలతో స్టేషనుకు వస్తే, పెట్టె మోసింది చిన్నబ్బే. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

*

విల్లుపురంలో బండి మారి పాండిచ్చేరిలో దిగిన రాజారత్నానికి మొదట కనిపించింది ఎర్ర టోపీ పోలీసువాడు. తనకు అలవాటైన ఖాకీ తలపాగా కాదు, బొంగరంలా నిలబడ్డ టోపీ. వీధుల పేర్లు నీలం పలకల మీద రాసి ఉన్నాయి. అక్షరాలు ఇంగ్లీషువే, ఒక్క మాటా అర్థం కాదు. ఆరో తరగతి నుంచి కష్టపడి సంపాదించిన ఇంగ్లీషు ఆ వీధుల్లో చెల్లని నాణెంలా అయిపోయింది. పోస్టాఫీసులో ఇంగ్లీషులో అడిగితే గుమాస్తా తలెత్తకుండా అరవంలో ఏదో గొణిగి పక్కవాడితో ఫ్రెంచిలో మాట్లాడాడు. సముద్రం వైపు తెల్లటి మేడలు, మధ్యలో ఒక మురికి కాలువ, కాలువకు ఇవతల మనవాళ్ళ ఇళ్ళు. కాలువ దాటి అవతలికి పోయినప్పుడు రాజారత్నానికి తన చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినిపించేది. ఒకచోట సూటూ టోపీ వేసుకున్న నల్లటి మనిషి ఒకడు, తన రంగుతో, తన పేటవాళ్ళ పోలికతో, గడగడా ఫ్రెంచి మాట్లాడుతూ పోతుంటే, రాజారత్నం చాలాదూరం అతని వీపే చూస్తూ నిలబడ్డాడు.

మిల్లు కూలీల పేటలో ఒక పెంకుటిల్లు ప్రార్థన మందిరం. అతనికి అక్కడ అండగా దొరికింది కృష్ణమూర్తి. మిల్లు ఆఫీసులో గుమాస్తా. తెలుగువాడే, అక్కడే పుట్టి పెరిగాడు. హిందువు అయినా ఊరివాళ్ళ భాష మాట్లాడే మనిషి వచ్చాడని అభిమానంగా చూసుకున్నాడు. ఆ పెంకుటింటిని కూలీలకు ఇప్పించిన ఇంజనీరు దొరను, ఆయన భార్యను మొదటి ఆదివారం ప్రార్థనకు కృష్ణమూర్తే పిలుచుకొచ్చాడు.

"దొరకు తెలుగు రాదు. కొంచెం క్లుప్తంగా చెప్పండి. చివర నేను నాలుగు మాటలు ఫ్రెంచిలో చెప్తాను" అన్నాడు.

"చివరి మాట నేను చెప్తా. నాకు ఫ్రెంచి కొంచెం వచ్చు" అన్నాడు రాజారత్నం.

కృష్ణమూర్తి ఆశ్చర్యపోయి చూశాడు. ఆ చూపు రాజారత్నానికి తియ్యగా ఉంది.

ప్రసంగం బాగానే సాగింది. నగరి నుంచి వచ్చిన ముసలమ్మలు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. దొర ముందు కుర్చీలో ఓపిగ్గా కూర్చున్నాడు. చివరి ప్రార్థన అయ్యాక రాజారత్నం ముందుకు వచ్చాడు. దొర వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. కుడి చెయ్యి పైకెత్తి, చిన్నబ్బ చూపించినట్టే గొంతు పెంచి, "ఫూ ల్ కాఁ!" అన్నాడు.

వెనక కూర్చున్న పిల్లలు గొల్లున నవ్వారు. దొరసాని రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. దొర ముఖం కందిపోయింది. వినపడలేదేమోనని రాజారత్నం ఇంకా గట్టిగా ఇంకోసారి అన్నాడు.

అప్పుడు లేచారు కూలీలు. మగవాళ్ళు, మధ్యవయసు వాళ్ళు. వాళ్ళు నవ్వలేదు. తల వంచుకుని, కండువాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకుని, ఒకరి వెనక ఒకరు తలుపు వైపు నడిచారు. మునిస్వామి అనే నేతపనివాడు గుమ్మం దగ్గర చెప్పులు కూడా తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని బయటికి పోయాడు.

కృష్ణమూర్తి గబగబా వచ్చి అతని చెయ్యి కిందికి దించాడు.

"ఎవరు నేర్పించారండీ మీకు ఈ మాట?"

"ఏం? పోయి రండి, మేలు జరుగుగాక అని కదా?"

"అయ్యో! తగలడండి, నా కంటి ముందర నుంచి పీడ వదలండి అని. దానికంటే కూడా నీచం. మిల్లులో మేస్త్రీలు వీళ్ళను పొద్దస్తమానం అనే మాట ఇదే. ఈ మాట విన్నప్పుడు లేచి పోవడమే వీళ్ళకు అలవాటు."

కృష్ణమూర్తి దొర దగ్గరికి వెళ్ళి ఏదో సర్దిచెప్పాడు. దొర చివరికి నవ్వి, రాజారత్నం భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ తట్టడం చెంపదెబ్బకంటే ఎక్కువ మండింది. బయట వేపచెట్టు కింద నిలబడ్డ కూలీల దగ్గరికి పోయి రాజారత్నం తెలియక అన్నానని చెప్పుకున్నాడు. "పర్వాలేదయ్యా, మాకేం కొత్తా?" అన్నాడు మునిస్వామి. అంతకంటే అతన్ని ఒక్క మాట అనలేదు. అననందుకు రాజారత్నం ఇంకా కుంగిపోయాడు.

కొన్ని వారాలు పేటలో తలెత్తుకుని నడవలేకపోయాడు. పిల్లలు సందు మలుపులో చెయ్యెత్తి ఆ మాట అని పరుగెత్తేవాళ్ళు. అతనిలో సిగ్గు రానురాను కోపంగా ముదిరింది. ఆ కోపం దొర మీదికీ పోలేదు, ఆ మాట రోజూ వాడే మేస్త్రీల మీదికీ పోలేదు. చిన్నబ్బ మీదికి పోయింది. కల్లుబోతు ముసలాడు, తెలియని భాష తెలుసునని తన కొంప ముంచాడు! చిన్నబ్బ నేర్పిన మిగతా మాటలన్నీ సరైనవేనని, ఆ ఊళ్ళో తాను మొదటిరోజు నీళ్ళు అడిగి తాగింది అతని మాటతోనేనని మాత్రం అప్పుడు గుర్తు రాలేదు.

పట్టుదలగా కృష్ణమూర్తి దగ్గర కూర్చుని ఫ్రెంచి నేర్చుకున్నాడు. కూలీల జబ్బులకు ఆసుపత్రికి తోడు పోయాడు, అక్కడ వాళ్ళ తరపున మాట్లాడాడు. ఏడాది తిరగకముందే పేటలో అతనికి మంచిపేరు వచ్చింది. పిల్లలు కూడా ఆ ఆట మరిచిపోయారు.

*

జనవరిలో చిత్తూరు సంఘంవారు కోత పండుగకు రమ్మన్నారు. గుడి ముందర పందిరి వేసి గుమ్మడికాయలు, వడ్లు, చెరుకు గడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు వరసగా పేర్చారు. వేలం పాటకు ముందు పాదిరిగారు లేచి, "పరాయి దొరల సీమలో మన రాజారత్నం మొట్టమొదట ఏమి చూశాడో, ఎట్లా అనిపించిందో మనకు చెప్తాడు" అన్నారు.

రాజారత్నం చెప్పడం మొదలుపెట్టాడు. సముద్రం గురించి, నీలం పలకల గురించి, ఎర్ర టోపీల గురించి చెప్పాడు. కూలీల బతుకు గురించి చెప్పబోయేసరికి ఆడవాళ్ళు పిల్లలను సముదాయించడంలో పడ్డారు. మగవాళ్ళు కోళ్ళ వైపు చూస్తున్నారు. దండలు వేసి పంపిన జనం తన మాట వినడం లేదని అతనికి అర్థమైంది. నవ్వించాలనిపించింది.

చిన్నబ్బ రెండో వరసలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. రాజారత్నం అతన్ని చూశాడు. చూసి కూడా మొదలుపెట్టాడు.

"మొదటి ఆదివారమే దొరకు ఫ్రెంచిలో ఆశీర్వాదం చెప్పాను. ఆ మాట నాకు నేర్పింది ఎవరో మీకందరికీ తెలుసు!"

జనం తలలు తిప్పారు. చిన్నబ్బ సిగ్గుపడుతూ, సంతోషం ఆపుకోలేక సగం లేచి చేతులు జోడించాడు.

రాజారత్నం చెయ్యెత్తి ఆ మాట అన్నాడు. దొర ముఖం ఎలా కందిందో, దొరసాని రుమాలు ఎలా అడ్డం పెట్టుకుందో నటించి చూపించాడు. అప్పుడు దాని అర్థం చెప్పాడు.

పందిరి పగిలిపోయేలా నవ్వారు. "పరాసు చిన్నబ్బ దీవెనలురా!" అని ఎవరో అరిచారు. పాదిరిగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చిన్నబ్బ కూడా మొదట అందరితోపాటు నవ్వాడు. నవ్వు ఎవరి మీదో తెలిసేసరికి అతని నోరు అలాగే తెరుచుకుని ఉంది. కూర్చోవాలో నిలబడాలో తెలియక, జోడించిన చేతులు విప్పక, నడుం వంచినవాడు వంచినట్టే ఉండిపోయాడు. పక్కవాడు చొక్కా పట్టి లాగితే కూర్చున్నాడు.

లేచిపోయిన కూలీల సంగతి రాజారత్నం చెప్పలేదు. అది చెబితే నవ్వు ఆగిపోతుంది.

ఇంటికి వచ్చాక సంతోషమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అంతమంది నవ్వతాంటే నీకు బాగుండె కదరా?" అంది.

"నేను అబద్ధమేం చెప్పలేదమ్మా."

"నిజమే సెప్పినావు. నిజం సెప్పేదానికి ఆయప్పను లేపి నిలబెట్టాల్నా? ఇంటికి పోయి పక్కన కూసోని సెప్పుంటే కాదా? నువ్వు పోయినప్పటి నించి ఆయప్ప నన్ను ఒక్క తూరి గూడా నడిసి ఆసుపత్రికి పోనీలేదు. మిషనరీ తల్లివి, ఎక్కమ్మా అనేవాడు."

అతను అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. మరునాడు ఉదయం జట్కా స్టాండు మీదుగా పోవడానికి మొహం చెల్లక, పెట్టె తనే నెత్తిన పెట్టుకుని, పట్టాల వెంట వెనక దారిన నడిచి స్టేషను చేరాడు.

*

పాండిచ్చేరిలో పని మామూలుగానే సాగింది గాని, అతనికి మనశ్శాంతి లేకపోయింది. ఒకరోజు మునిస్వామి బిడ్డకు మందు ఇప్పించి తిరిగి వస్తుంటే, ఆ మనిషి నెమ్మదిగా అడిగాడు.

"అయ్యా, చిత్తూరులో ఆ పొద్దు సంగతి సెప్పి అందర్నీ నవ్వించినారంట. మా నగరి వాళ్ళెవరో అనిరి. మేము లేసి బయటికి పోయింది గూడా సెప్పినారా?"

"లేదు మునిస్వామీ."

"మంచిదయ్యా. అది సెప్పొద్దు" అన్నాడు మునిస్వామి.

తాను దాచింది వాళ్ళ పరువు కోసం కాదని రాజారత్నానికి తెలుసు. ఆ పూటే చిత్తూరుకు పోవాలని నిశ్చయించుకున్నాడు. అయినా మే నెలలో మిల్లు సెలవులు వచ్చేదాకా ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తూనే వచ్చాడు.

చిత్తూరులో దిగేసరికి జట్కా స్టాండులో చిన్నబ్బ లేడు. అడిగితే తోటి జట్కావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"యాడుంటాడప్పా ఈడ? బండెక్కే ప్రతివాడూ దిగేటప్పుడు చెయ్యెత్తి ఆ మాటే అనె. బడిపిల్లోళ్ళు బండెనక పడిరి. ఓర్సినన్ని దినాలు ఓర్సినాడు. మళ్ళా కల్లు మొదలుపెట్టె. గుర్రాన్ని తోలుకోని తిరపతికి ఎళ్ళిపాయ. తిరుచానూరు కాడ తోల్తాండాడని సెప్పిరి."

రాజారత్నం ఇంటికి కూడా పోకుండా పాకాల మీదుగా తిరుపతి బండి ఎక్కాడు.

తిరుచానూరులో ఎండ మాడుతోంది. అమ్మవారి గుడి వీధిలో పూలమ్మేవాళ్ళు మల్లెల మీద తడిగుడ్డలు కప్పి నీళ్ళు చల్లుతున్నారు. వీధి చివర వరసగా జట్కాలు. గుర్రానికి గడ్డి వేస్తున్న చిన్నబ్బ, ఎవరో బేరం వచ్చారనుకుని తిరగకుండానే "తిరపతికా సామీ? ఎక్కు" అన్నాడు. తిరిగి చూసి ఆగిపోయాడు. చిక్కిపోయాడు. తల మీద నూనె లేదు.

"రత్నమప్పా! బాగుండావా? అమ్మ బాగుండాదా?"

రాజారత్నం అతని కాళ్ళకు వంగబోయాడు. చిన్నబ్బ కంగారుగా వెనక్కి జరిగాడు.

"అట్ల చెయ్యగూడదప్పా. నలుగురు సూస్తాండారు."

"తప్పు చేశాను మామా. నిన్ను అంతమందిలో... నీ మీద కోపంతో చేశాను. చిత్తూరుకు రా. గుడిలో అందరి ముందరా నిలబడి చెప్తా, తప్పు నాదేనని."

"వొద్దు. నువ్వు మళ్ళా సెప్తే వాళ్ళు మళ్ళా నవ్వతారు." చిన్నబ్బ గడ్డిమోపు పక్కన కూలబడి, చెయ్యి చూపించి అతన్నీ కూర్చోమన్నాడు. "నీ మీద కోపమేమీ లేదప్పా. ఊర్లో నవ్వినోళ్ళ మీదా లేదు. మునుపు నవ్వలేదా వాళ్ళు? నాకు సిగ్గయ్యేది వేరే దానికి."

గడ్డిపరక ఒకటి తీసి విరవసాగాడు.

"ఆ మేస్త్రీ దొర పేరు గూడా నాకు తెల్దు. ఎర్రమీసాలోడు. అది సలికాలం. సముద్రం గాలికి సేతులు పగిలి నెత్తురు కారేది. పొద్దస్తమానం మోపులు మోసి, ఈడనే సచ్చిపోతానేమో అనుకుంటా ఉండేవాణ్ణి. సాయంకాలం ఆయప్ప చెయ్యెత్తి ఆ మాట అంటానే పానం లేసొచ్చేది. ఇంత దూరంలో మనల్ని గూడా ఒక దొర దీవిస్తాండాడే అనుకుంటి. తిరిగి దండం పెట్టేవాణ్ణప్పా. దినమ్మూ. మావోళ్ళు ఎవురూ పెట్టలేదు, నేనొక్కణ్ణే." చేతిలోని గడ్డిపరక కింద పడేశాడు. "తిట్టినోడికి దండం పెట్టినాను. ఆయప్ప ఎంత నవ్వుకున్నాడో! నువ్వు సెప్పకుండా ఉంటే, నేను ఆ దీవెన పెట్టుకోని అట్లే పొయ్యేవాణ్ణి గదా."

తాను ముసలివాడి పరువే తీశానని అనుకుంటూ రాజారత్నం ఇంతదూరం వచ్చాడు. తీసింది అంతకంటే పెద్దది.

చిన్నబ్బ అటూ ఇటూ చూశాడు. తోటి జట్కావాళ్ళు దూరంగా బీడీలు కాలుస్తున్నారు.

"ఇంగొక మాట ఉండాది" అన్నాడు మెల్లగా. "ఎవురికీ సెప్పలే. నా పెండ్లానికీ సెప్పలే. నీకు పాఠం నేర్పినప్పుడు గూడా సెప్పలే. ఆడ రేవు కాడ ఒక ముసలామె కాయగూరల సారు కాసి అమ్ముతాండె. నాకు జరం తగిలి మోపుల సందులో పడుకోనుంటే, ఆయమ్మ వచ్చి ఒక గిన్నెడు తాపించి, నా తల నిమిరి ఒక మాట అనె. మా అమ్మ పోయినాక నా తల ముట్టినోళ్ళు ఎవురూ లేరు. ఇప్పుడు అది గూడా తిట్టేనేమో అని బయం. ఇన్నాళ్ళూ అదే యోచన. నీకు ఇప్పుడు బాగా వస్తాది గదా... సెప్తావా?"

అతను రాజారత్నం చెవి దగ్గరికి వంగి, గుడిలో రహస్యం చెప్పినట్టు పలికాడు.

"మోఁ ప్తీ."

రాజారత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తిట్టు కాదు మామా! ముద్దుగా పిలిచింది. తల్లులు బిడ్డలను పిలిచే మాట. నా చిన్నవాడా అని. మన మాటలో చెప్పాలంటే, చిన్నబ్బా అని!"

చిన్నబ్బ ముఖం ఒక్కసారి విచ్చుకుంది. వెంటనే మళ్ళీ ముడుచుకుపోయింది. రాజారత్నం కళ్ళలోకి చాలాసేపు చూశాడు.

"నిజంగానా?"

"దేవుని తోడు మామా."

"ఆ పొద్దు గూడా దేవుని ముందరే గదప్పా నిలబడి నవ్వించినావు" అన్నాడు చిన్నబ్బ. అందులో కోపం లేదు, ఉన్నమాట అన్నట్టే అన్నాడు. "ఆయమ్మ నన్ను పేరు అడిగింది లేదు. నేను సెప్పింది లేదు. నా పేరు పెట్టి ఎట్ల పిలుస్తాది? నువ్వు మంచోడివి. నా మనసు కోసరం కల్పించి సెప్తాండావు."

"లేదు మామా, నిజంగా ఆ మాటకు అదే అర్థం. కృష్ణమూర్తి అని పాండిచ్చేరిలో పెద్దమనిషి ఉన్నాడు, ఆయన్ను పిలుచుకొస్తా, అడుగు!"

"ఆయప్ప నీ మనిషే గదా. నువ్వు సెప్పమన్నట్టే సెప్తాడు." చిన్నబ్బ లేచి పంచె దులుపుకున్నాడు. "పోనీలే. అబద్దమైనా మంచి మాటే సెప్పినావు."

దర్శనం చేసుకున్న కుటుంబమొకటి గుడి వైపు నుంచి వచ్చి తిరుపతి స్టేషనుకు బేరం ఆడింది. వాళ్ళను ఎక్కించుకున్నాక చిన్నబ్బ ముందు పలక మీద కొంచెం జరిగి, "రాప్పా, ఎండలో నడుస్తావా యాంది?" అన్నాడు. రాజారత్నం అతని పక్కన ఎక్కి కూర్చున్నాడు. చెప్పిన ఒక్క మంచి నిజాన్ని నమ్మించలేని నోటితో, రేపు మళ్ళీ జనం ముందు నిలబడి వాక్యం ఎలా చెప్పాలా అని అతను గుర్రం చెవుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం, చిన్నబ్బ వద్దన్నా, మునిస్వామి చెప్పొద్దన్నా, చిత్తూరు గుడిలో లేచి నిలబడ్డాడు. ముసలాయన పేరు గాని మునిస్వామి పేరు గాని ఎత్తకుండా, ఇద్దరికీ క్షమాపణ చెప్పుకుంటూ, తన మాట విని చెప్పులు చేతపట్టుకుని లేచిపోయిన మనుషుల గురించి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. కొందరికి ఎందుకు చెబుతున్నాడో అర్థం కాలేదు. గుడి బయటికి వచ్చేసరికి పిల్లలు ఆ మాట అరుచుకుంటూ గోలీలాడుతున్నారు. ఊళ్ళో పడ్డ మాటను వెనక్కి తీసుకోవడం తన చేతిలో లేదని అతనికి తెలిసింది.

రాజారత్నం పాండిచ్చేరిలో ఇంకా కొన్నేళ్ళు పనిచేశాడు. సెలవు దొరికినప్పుడల్లా తల్లిని చూసి, తిరుచానూరుకు వెళ్ళేవాడు. చిన్నబ్బ అతన్ని ఆదరంగానే చూసేవాడు. ముందు పలక మీద చోటిచ్చేవాడు. గుర్రం గిట్టల గురించి, వానల గురించి, సంతోషమ్మ మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడేవాడు. ఫ్రాన్సు ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. రాజారత్నమూ ఎత్తలేదు. తోటి జట్కావాళ్ళు "ఎవురు చిన్నబ్బా ఈ అబ్బోడు?" అని అడిగితే, "మా చిత్తూరోడప్పా. పాండిచేరిలో ఏదో మిల్లులో పని" అనేవాడు.

రాజారత్నం ఎప్పుడూ కాదనలేదు.